యాచారము త్రోవ

సోదరీమణులు కాశీరామేశ్వరములను గూర్చి యాత్రావృత్తాంతములు వ్రాయుదురు. నేను వ్రాయబూనినది అంత దూరపు యాత్ర గాదు. హైదరాబాదునుండి యాచారమునకు, యాచారమునుండి మఱల హైదరాబాదునకు, ఈ వానకాలములో ముమ్మాఱు చేసిన చిన్న ప్రయాణము మాత్రమే. అయినను ఆ త్రోవలో నేను నేర్చుకొన్నది మఱి యే తీర్థములోను నేర్చుకొనలేదు. మోటారుబండి గల ఇంటి యిల్లాండ్రకు అది పనికివచ్చునని తోచి వ్రాయుచున్నాను.

నాగార్జునసాగరమునకు బోవు రహదారిమీద నలువది కిలోమీటర్లకు పైగా సాగినచో యాచారము వచ్చును. బొంగులూరు గేటువద్ద వలయమార్గమును దాటువఱకు నగరము మనలను విడువదు. అటుపిమ్మట షేరిగూడ, దాని వెనుక ఇబ్రహీంపట్నము. గోలకొండను 1550 మొదలు 1580 వఱకు ఏలిన ఇబ్రహీం కుతుబుషాహి పేర వెలసిన యూరది. ఆయన కాలపు పెద్దచెఱువు ఇప్పటికిని అచ్చట గలదు. ఇబ్రహీంపట్నము దాటి గునుగల్ మీదుగా పోవుచుండగా నేల రంగు మాఱును. ఎఱ్ఱని చెల్కలు, నడుమ నడుమ బండఱాళ్ల గుట్టలు, పత్తిచేలు, కూరగాయల మళ్లు కన్నుల కెదురగును. తొలకరి చినుకు పడినపుడు ఆ మట్టివాసన మనస్సునకు హాయి గొలుపును. కాని అదే మట్టి పాదమునకు అంటి మోటారులోనికి వచ్చినపుడు ఇల్లాలి ముఖము చిన్నబోవును. ఈ కథకు ఆ మట్టియే మొదలు.

మా మేనత్త యాచారము దాపున చెల్క సాగుచేసికొని, ఒక గేదెను పెట్టుకొని జీవించుచున్నది. ఆమెకు కంట శుక్లము ముదిరినది. పట్నమునకు దీసికొనివచ్చి శస్త్రచికిత్స చేయింపవలయునని మేము పోయితిమి. దానికి నెల ముందే మేము మా మోటారు ఆసనములకు క్రొత్త తొడుగులు వేయించి యుంటిమి. అవి మీగడవన్నె మఖమలువంటి వస్త్రముతో కుట్టినవి. చేయి వేసిన పిల్లికూన వీపువలె మెత్తగా నుండెడివి. నగరమందలి ఒక దుకాణమున వానిని చూచి, రంగునకును మెత్తదనమునకును మురిసి కొంటినే కాని, వానిపై ఎవరు కూర్చుందురు, ఎక్కడినుండి వచ్చి కూర్చుందురు అను నాలోచన నాకు కలుగలేదు.

మేము పోవుసరికి అత్త నారుమడినుండి అప్పుడే వచ్చి కాళ్లు కడుగుకొనుచుండెను. చీర కుచ్చెళ్లకు మట్టి యంటి యుండెను. బండి తలుపు తీయగానే ఆమె లోపలికి తొంగిచూచి, ఒక అడుగు వెనుకకు వేసి, ఇంటిలోనికి బోయి ఒక గోనెసంచి తెచ్చి ఆసనముపై పఱచెను. “ఎందుకత్తా?” అంటిని. “నీ పరుపు ఖరాబైతది బిడ్డా” అనెను. ఆ మాట నొప్పితో అనలేదు. సహజముగా, నవ్వుచునే అనెను. కాని పట్నము చేరువఱకు ఆమె వెనుకకు వ్రాలలేదు. ఆ గోనెసంచి యంచునే, బస్సు దిగుటకు సిద్ధముగా నున్న మనిషివలె, ముందునకు వంగి కూర్చుండెను. ఒడిలో ఇంటి గేదె పెరుగు నింపిన స్టీలు డబ్బా. మా పిల్లలకని తెచ్చుచుండెను.

ఇబ్రహీంపట్నము చేరకమునుపే దారికడ్డముగా వేసిన మిట్టయొకటి మేము చూచుకొనలేదు. బండి ఎగిరిపడెను. డబ్బా మూత యూడెను. పెరుగు సగము గోనెసంచిపైనను, సగము ఆ మీగడవన్నె మఖమలుపైనను ఒలికెను. అత్త తన కొంగుతో గబగబ తుడువసాగెను. ఎంత తుడిచిన అంత లోనికి దిగెను. “చెప్తి గద బిడ్డా, నా అసోంటిది గీ బండెక్కొద్దు” అని ఆమె కంట నీరు పెట్టుకొనెను. సరిగా కానరాని కన్నులవి. ఆ నిమిషమున నాకు కలిగిన సిగ్గును వర్ణింపజాలను. పెరుగు ఒలికినందుకు గాదు. అన్నివిధముల నాకు తల్లివంటి మనిషి నా బండిలో భయపడుచు కూర్చుండునట్లు చేసితినిగదా యని.

ఇంటికి వచ్చి ఆ తొడుగును నాకు తెలిసినట్లు కడిగితిని. వేడినీళ్లు పోసితిని. అది పెద్ద తప్పు. పాలు, పెరుగు, గ్రుడ్డు, నెత్తురు మొదలగువానిలో మాంసకృత్తు లుండును. వేడి తగిలిన అవి గడ్డకట్టి నూలుపోగులను పట్టుకొని విడువవు. చన్నీటితోనే ముందు కడుగవలయును. పైమరక కొంత పోయినను, నాలుగు దినములకు పులిసిన వాసన బండినిండ కమ్ముకొనెను. పెరుగు తొడుగును దాటి క్రిందనున్న స్పాంజిమెత్తలోనికి దిగినది. తొడుగును విప్పి ఉదుకవచ్చును. ఇనుపచట్రమునకు బిగించిన మెత్తను ఉదుకుట ఎట్లు?

అత్తకు శస్త్రచికిత్స చక్కగా జరిగెను. కొన్నిదినముల పిమ్మట ఆమెను దిగవిడుచుటకు మఱల యాచారము పోయితిమి. ఊరు సమీపించుచుండగా రహదారి ప్రక్కన ఒక రేకులపందిరి కనబడెను. ఆటోల ఆసనములు, ట్రాక్టరు ఆసనములు, మోటారుసైకిలు మెత్తలు కుప్పగా పడియుండెను. నడుమ కుట్టుయంత్రముముందు నెరసిన గడ్డముతో ఒక ముసల్మాను పెద్ద కూర్చుండి పని చేసికొనుచుండెను. బండి నాపి మా గోడు చెప్పుకొంటిమి. ఆయన తలుపు తీసి, లోపల వాసన చూచి నవ్వి, “మఖ్మల్ ఇంట్ల దివాన్ మీదికి అమ్మా. మట్టిల తిరిగే బండికి కాదు” అనెను. ఆ పూటంతయు ఆ పందిరిక్రింద కూర్చుండి నేను విన్నదానిని, తరువాత స్వయముగా తెలిసికొన్నదానిని కలిపి ఇచ్చట వ్రాయుచున్నాను.

మఖమలునకు నిలువునూలు బొచ్చు ఉండును. ఆ బొచ్చులో ధూళి చిక్కుకొనును. ధూళియనగా మెత్తని పొడి కాదు, చూర్ణమైన ఱాయి. కూర్చుండి లేచిన ప్రతిసారియు ఆ రేణువులు అంచుగల కత్తులవలె నూలుపోగులను కోయును. కావున ఏ వస్త్రమైనను మొదట పొడిగా దులిపి, బ్రుష్షుతో గీచి, పిమ్మటనే తడి చేయవలయును. పొడిమట్టిపై నీరు పోసితిమా, దానిని మనమే బురదగా జేసి లోనికి పంపినవారమగుదుము.

నూలుబట్ట, కాన్వాసు చల్లగా నుండును, చెమటను పీల్చును. ఎండకాలమున వానికి మించిన సుఖము లేదు. కాని పీల్చు గుణమే వాని దోషమును. నూలు గాలిలోని తేమనే తన బరువులో నూటికి ఎనిమిదిపాళ్లవఱకు పట్టుకొనును. పాలియెస్టరు అరపాలైనను పట్టుకొనదు. అందుచేత పాలియెస్టరు దట్టముగా నేసిన బట్ట నీటిని త్వరగా వదలి శీఘ్రముగా ఆరును, రాపిడికి ఓర్చును. కాని నూనెజిడ్డును అది ఇష్టముగా పట్టుకొనును. తలనూనె రాచుకొను చోట్ల నల్లబడును.

ఇక రెక్సిను. ఈ పేరు మన ఇండ్లలో నానావిధముల పూతబట్టల కన్నింటికి చెల్లుచున్నది. నిజమునకు ఇది ఇంగ్లాండులో మాంచెస్టరు చెంతనున్న హైడు పట్టణపు కర్మాగారమొకటి తన సరకునకు పెట్టుకొన్న పేరు. ఆ తొలి రెక్సిను నైట్రోసెల్యులోజు పూసిన గుడ్డ. అది సులభముగా మండెడిది. ఇప్పుడు మనము రెక్సినని కొనునది పీవీసీ పూసిన బట్ట. పేరు నిలిచినది, సరకు మాఱినది. దీనిపై ఏమి ఒలికినను తడిగుడ్డతో తుడిచిన పోవును. ఆటోలవారందఱు దీనినే ఏల కోరుదురో ఇందుచేతనే తెలియును.

అయితే పీవీసీ స్వతహాగా గట్టిది. దానిని మెత్తపఱచుటకు ప్లాస్టిసైజరు అను నూనెవంటి ద్రవ్యమును కలుపుదురు. ఎండ వేడికి అది మెల్లమెల్లగా బయటికి పోవును. అది పోయినకొలది పూత బిరుసెక్కి, కుట్లవెంబడి పగుళ్లు తీయును. తలనూనె యంటిన చోటునుండియు ఆ ద్రవ్యము త్వరగా జాఱిపోవును. కావున తల యానించుచోట ఉదుకుటకు వీలగు నూలుతొడుగు వేయుట మంచిది. బండిని చెట్టునీడను నిలుపుటయు, అద్దమునకు తెర వేయుటయు ఆసనముల ఆయుస్సును పెంచును. నల్లరెక్సిను ఎండలో చేయి పెట్టరానంతగా కాలును. లేతరంగు తక్కువ కాలును. మఱీ తెలుపైన ప్రతి మరకయు కనబడును. “మన మట్టి రంగే వేయించుకోండి, మట్టి కనబడదు” అని ఆ పెద్ద ఇటుకవన్నె ముక్క నొకదానిని చూపెను.

పాలియురేతేను పూతతో చర్మమువలె మెఱయు బట్టయు అంగళ్లలో నుండును. రెక్సినుకంటె మృదువు, చూచుటకు సొగసు. కాని దానిలో కొన్ని రకములు ఉక్కకు, చెమటకు తట్టుకొనలేక కొన్నేండ్లలో పొరలు పొరలుగా రాలును. నిజమైన తోలు సరిగా కాపాడినచో చాలకాలము మన్నును. అయితే దానికి తఱుచుగా తుడుచుట, అప్పుడప్పుడు తైలము పట్టించుట, నీటిలో నాననీయకుండుట మొదలగు సేవ లనేకము. పసిపిల్లలు గల ఇంటికి ఆ సేవ అధికమని నా యభిప్రాయము.

అంగడిలో వంచకులకు లోబడకుండ ఆయన నాకు నాలుగు పరీక్షలు నేర్పెను. ముక్కపై ఒక చుక్క నీరు వేసి, అది నిలుచునో యింకునో చూడవలయును. తెల్లనిగుడ్డ తడిపి గట్టిగా రుద్ది, రంగు దిగునో లేదో చూడవలయును. పూతబట్టను గట్టిగా మడిచి, మడతవద్ద తెల్లని గీత పడునో లేదో చూడవలయును. తిరుగవేసి వెనుక బట్టను చూడవలయును. పూత ఎంత అందముగా నున్నను వెనుక అల్లిక పలుచనైనచో అది త్వరలో చినుగును. మిల్లులవారు మార్టిండేలు యంత్రముపై బట్టను వేలకొలది మాఱులు రుద్ది, పోగు తెగువఱకు లెక్కించి ఆ సంఖ్యను చెప్పుదురు. పెద్ద అంగళ్లలో ఆ సంఖ్యను అడుగుట మన హక్కు. మంటను గూర్చియు అడుగవలయును. మోటారు లోపలి వస్తువులకు మన దేశమున ఐ.ఎస్. 15061 అను ప్రమాణము గలదు. దాని ప్రకారము ఆ వస్తువుపై మంట నిమిషమునకు 100 మిల్లీమీటర్లకు మించి ప్రాకరాదు.

బట్టకంటె కుట్టు ముఖ్యమని ఆయన మాటిమాటికి చెప్పెను. సూది పోయిన ప్రతి రంధ్రము నీటికి వాకిలి. ఆసనము నడుమ పువ్వులు, గళ్లు కుట్టించినచో రెక్సినైనను జల్లెడయగును. కావున కూర్చుండు భాగము ఒకేముక్కగా నుండి, కుట్లు ప్రక్కలకు రావలయును. గాలికని సన్నని రంధ్రములు పొడిచిన రకము పెద్దలకు బాగుండును. పిల్లల ఆసనమునకు పనికిరాదు. కుట్టుదారము నూలుదైన తడికి చివుకును, పాలియెస్టరుదైన నిలుచును. మఱియొక మాట ప్రాణములకు సంబంధించినది. కొన్ని బండ్లలో ప్రమాదమందు ఉబ్బి మనలను కాపాడు గాలిసంచి ముందరి ఆసనము ప్రక్కలోనే ఇమిడియుండును. అచ్చట చిన్న గుర్తు కుట్టియుండును. ఆ ప్రక్కను గట్టితొడుగుతో మూసివేయరాదు. నడుముపట్టీలు తగిలించు కొక్కెములను కప్పరాదు. మా మఖమలు తొడుగు ఈ రెండు తప్పులును చేసినదని ఆయన చూపినపుడు నా గుండె ఝల్లుమనెను.

ఆయన పని చేయుచుండగా నేను రహదారివంక చూచుచుంటిని. సాగరము బస్సు వచ్చి ఆగెను. కూరగాయల గంపలతో, చంకబిడ్డలతో, తడిసిన చీరలతో ఆడువారు ఎక్కిరి, దిగిరి. నిజాము రాష్ట్రమున ప్రభుత్వపు బస్సులు 1932 జూను 15వ తేదీన 27 బండ్లతోను 166గురు పనివారితోను ప్రారంభమైనవి. 2023 డిసెంబరు 9వ తేదీనుండి తెలంగాణమున స్త్రీలకు సాధారణ బస్సులలో ప్రయాణము ఉచితమైనది. ఆ బస్సు ఆసనము ఎవరిని చూచియు వెనుకాడదు. దానిపై గోనెసంచి పఱచుకొని కూర్చున్న మనిషిని నేనెన్నడు చూడలేదు. కూలిచేసి వచ్చిన చెల్లెలును, ఉద్యోగము చేసి వచ్చిన అక్కయు ఒకేరీతిగా వెనుకకు వ్రాలి కునుకు తీయుదురు. అట్టి ఆసనము నా యింటి బండిలో లేకపోయెనుగదా యని తోచెను.

సాయంకాలమునకు పని ముగిసెను. పాతమెత్తను తీసివేసి క్రొత్త స్పాంజి వేసి, దానిపై ఒక పలుచని నీరుదిగని పొర, ఆపై ఇటుకవన్నె దళసరి రెక్సిను, ఒకేముక్కగా బిగించెను. “ఎండకు కాలదా?” అని నేనడిగినందుకు ఆయన మంచి యుపాయము చెప్పెను. నేను ఓరుగల్లు జంఖానా నొకదానిని కొని, వెనుక ఆసనమునకు సరిపడ కత్తిరించి, అంచులు మడిచి కుట్టి, జాఱకుండ నాలుగు మూలల నాడాలు పెట్టితిని. ఓరుగల్లు జంఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. అచ్చమైన నూలునేత గనుక చెమటను పీల్చును. మాసిన విప్పి బకెట్టులో ఉదుకవచ్చును. పైన ఉదుకదగినది, క్రింద తుడువదగినది. ఈ రెండు వరుసలే నేను నేర్చిన సూత్రము.

మరకలను గూర్చి నాలుగు మాటలు వ్రాసి విరమింతును. పసుపు మరకకు సబ్బు తగిలిన ఎఱ్ఱబడును. దానిని జూచి భయపడనక్కఱ లేదు. కడిగి ఎండలో వేసిన పసుపురంగు వెలుతురునకు తనంతట విరుగును. నేయి, నూనె ఒలికినచో వెంటనే శనగపిండియో ముల్తానుమట్టియో చల్లి, జిడ్డును పీల్చనిచ్చి, దులిపి, పిమ్మట సబ్బునీట తుడువవలయును. బురద అంటిన ఆరనిచ్చి దులుపవలయును. పిల్ల వాంతి చేసికొన్నచో ముందు గరిటెతో ఎత్తివేసి, చన్నీటితో తుడిచి, తలుపులు తీసి గాలి తగులనీయవలయును. ఏ మరకనైనను రుద్దరాదు, అద్దవలయును. రుద్దిన అది వెడల్పగును, లోనికి దిగును. రెక్సినుపై స్పిరిటు, పెట్రోలు వాడరాదు. అవి మరకతోపాటు పూతను గూడ తినివేయును.

గడచిన వారము మూడవమాఱు యాచారము పోయితిమి. అత్త కన్నును వైద్యులకు మఱల చూపించు దినమది. ఆనాడును వాన కురిసియుండెను. ఆమె చేతిలో గోనెసంచి మడత సిద్ధముగానే యుండెను. “అత్తా, ఇది మన మట్టిరంగే. ఉదుకుకొనవచ్చును, తుడుచుకొనవచ్చును. కూర్చో” అంటిని. ఆమె క్రొత్త కంటితో దగ్గఱగా వంగి చూచెను. జంఖానాను చేత తడిమెను. దాని అంచు ఎత్తి క్రింది రెక్సినును గోటితో మీటెను. “గిది మంచిగున్నది” అనెను. గోనెసంచిని తలుపుప్రక్కన గడపమీద పెట్టి ఎక్కెను. పెరుగుడబ్బా ఒడిలోనే యున్నది.

గునుగల్ దాటునప్పటికి వెనుకనుండి మాట వినబడలేదు. తిరిగి చూచితిని. అత్త వెనుకకు వ్రాలి, తల ప్రక్కకు వాల్చి నిద్రించుచుండెను. ఆమె పాదములనుండి ఎఱ్ఱమట్టి ఆరి పొడియై క్రింద రాలుచుండెను. పెరుగుడబ్బాను మెల్లగా తీసి నా ఒడిలో పెట్టుకొంటిని.